జొన్న పైరులో నాము విషము: ఆకు నుండి అంకె వరకు

బెట్ట తరువాత వాన కురిసి, కోసిన జొన్న చేనిలో కొయ్యకాళ్ల నుండి పచ్చని పిలకలు లేచినపుడు పశువులను ఆ చేని వైపు పోనీయరాదని మన పల్లెలలో పెద్దలు చెప్పుట వాడుక. ఆ లేత పిలకలనే నాము అందురు. ఆకలిగొన్న పశువు వానిని కడుపార మేసినచో కొద్దిసేపటికే రొప్పుచు, తూలుచు, నోట నురుగు కార్చుచు పడిపోవును. గంట తిరుగక ముందే చనిపోవుటయు కలదు. పాలిచ్చు గేదె గాని, అరకకు కట్టు ఎద్దు గాని ఇట్లు పోయినచో ఆ కుటుంబమునకు కలుగు నష్టము ఎంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ మరణమునకు కారణము హైడ్రోసయానిక ఆమ్లము. పెద్దల మాట నిజమైనదే. అయితే ఏ చేనిలో, ఏ దశలో, ఎంత విషమున్నదో ఆ మాట వలన తెలియదు. మేత కరవైన సంవత్సరమున ఎదుట కనుపడు పచ్చి మేతను వదులుకొనుట రైతుకు సులభము కాదు. మేపవచ్చునో, మేపరాదో తేల్చుటకు కొలత కావలెను. ఆ కొలత నమ్మదగినదై ఉండవలెను. విషమున్న మేతను లేదని చెప్పు పరీక్ష, పరీక్ష చేయకపోవుటకన్న ప్రమాదకరము. ఏలయన దానిని నమ్మి రైతు పశువును విడిచిపెట్టును.

విషము ఆకులో ఎక్కడ నున్నది?

చెక్కుచెదరని జొన్న ఆకులో హైడ్రోసయానిక ఆమ్లము విడిగా ఉండదు. ఉన్నది ధుర్రిన్ అను పదార్థము. జొన్నకు అరబ్బీలో గల పేరును బట్టి దీనికి ఈ పేరు వచ్చినది. డన్‌స్టన్, హెన్రీ అను ఇంగ్లీషు రసాయన శాస్త్రజ్ఞులు 1902లో దీనిని జొన్న మొక్క నుండి వేరు చేసిరి. టైరోసిన్ అను అమైనో ఆమ్లము నుండి మొక్క దీనిని తన జీవక్రియలో భాగముగ తయారుచేసుకొనును. పురుగుల నుండి రక్షణకును, నత్రజనిని దాచుకొనుటకును ఇది మొక్కకు ఉపయోగపడును. లేత భాగములలోనే ఇది హెచ్చు. చీకటిలో మొలచిన జొన్న మొలక కొనలో, ఎండు బరువును లెక్కించినచో, నూటికి 30 వంతుల వరకు ధుర్రిన్ ఉండగలదు. పండిన గింజలో మాత్రము దాదాపు ఉండదు. అందుచేత జొన్న అన్నము, జొన్న రొట్టె తినువారికి ఈ భయము లేదు.

ధుర్రిన్‌ను విడగొట్టు ఎంజైములు కూడ అదే ఆకులో ఉన్నవి, కాని వేరు గదిలో ఉన్నవి. ఆకు పైపొర కణములలో ధుర్రిన్, లోపలి పచ్చని కణములలో ఎంజైములు. ఒకే ఇంటిలో మందుగుండు ఒక గదిలోను, నిప్పు మరియొక గదిలోను పెట్టినట్లున్నది ఈ ఏర్పాటు. పశువు ఆకును నమిలినపుడు గోడలు కూలి రెండును కలియును. ధుర్రిన్ మూడు ముక్కలగును: గ్లూకోజు, పారాహైడ్రాక్సీ బెంజాల్డిహైడు, హైడ్రోసయానిక ఆమ్లము. పశువు దవడ చేయు పనినే కత్తి చేయును, రోలు చేయును, మండుటెండలో ప్లాస్టిక్ సంచిలో ఉక్కపోసిన ఆకు తనకు తానే చేసికొనును. ఈ ఒక్క సంగతి మనసున నుంచుకొన్నచో తరువాత చెప్పబోవునదంతయు తేలికగా అర్థమగును.

ప్రాణము తీయు మోతాదు ఎంత యన, పశువు బరువులో కిలో ఒకటికి సుమారు 2 మిల్లీగ్రాముల హైడ్రోసయానిక ఆమ్లము. 300 కిలోల ఆవుకు 600 మిల్లీగ్రాములు. కిలో పచ్చి మేతలో 200 మిల్లీగ్రాములున్నచో 3 కిలోల మేత చాలును. ఆకలి మీద నున్న ఆవు కొన్ని నిమిషములలో దీనిని తినివేయగలదు. మెల్లమెల్లగా, ఎండు గడ్డితో కలిపి తిన్నచో కాలేయము ఆ విషమును థయోసయనేటుగా మార్చి బయటకు పంపివేయును. అందుచేతనే ఒకే మేత ఒక పశువును చంపి, మరియొకదానిని చంపక విడిచిన సందర్భములు కనుపడును. అది చూచి “ఆ చేనిలో విషము లేదు” అనుకొనరాదు.

ఎగిరిపోవు వస్తువును పట్టుట

హైడ్రోసయానిక ఆమ్లము సుమారు 26 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును. మన వేసవి పగటి వేడిలో అది వాయువే. నలిగిన ఆకు నుండి అది లేచి గాలిలో కలిసిపోవుచుండగా, మిగిలినదానిని మనము కొలిచి అంకె వేసినచో ఆ అంకె ఆకు సంగతి చెప్పదు, దారిలో జరిగిన సంగతి చెప్పును. జీవకణములలోని పదార్థములను కొలుచువారికందరకు ఉన్న చిక్కు ఇదియే. కణమును తెరువకుండ లోపలి వస్తువును తీయుట కష్టము; తెరచినంతనే ఆ వస్తువు మారిపోవ మొదలిడును.

పాత పద్ధతి స్వేదనము. ఆకును నలిపి, నీటిలో గంటల కొలది నానవేసి, ఎంజైములను తమ పని తాము చేయనిచ్చి, తరువాత ఆవిరిపట్టి, వచ్చిన వాయువును క్షార ద్రావణములో బంధించి, సిల్వర్ నైట్రేటుతో లెక్కకట్టెడివారు. శ్రద్ధగా చేసినచో ఇది మంచి పద్ధతియే. కాని నలుపునపుడు కొంత పోవును, నానునపుడు సూక్ష్మజీవులు చేరును, మూత సరిగా లేనిచో మరికొంత తప్పించుకొనును. పైగా దీనికి నమూనా ఎక్కువ కావలెను. రోజుకు కొద్ది నమూనాల కన్న పరీక్షింప వీలుకాదు. వంద మొక్కలను విడివిడిగా చూచి మంచి మొక్కను ఏరుకొనవలసిన వంగడముల శాస్త్రజ్ఞునకు ఇది ఏ మూలకును చాలదు.

1906లో గిన్యార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పిక్రేటు కాగితమును వాడుకలోనికి తెచ్చెను. పిక్రిక్ ఆమ్లము, సోడియం కార్బొనేటు కలిపిన నీటిలో ముంచిన పసుపుపచ్చని కాగితము హైడ్రోసయానిక ఆమ్లపు ఆవిరి తగిలినంతనే నారింజ రంగుకు, తరువాత ఇటుక ఎరుపునకు తిరుగును. చౌక, త్వరితము. అయితే ఎరుపు ఎంత ఎరుపు అనునది చూచువాని కంటిని బట్టి, ఆనాటి వెలుతురును బట్టి మారును. ఆ కాగితపు రంగును నీటిలోనికి దింపి, స్పెక్ట్రోఫోటోమీటరులో 510 నానోమీటర్ల వద్ద చదువుటతో ఈ లోపము చాలవరకు తీరినది. కన్ను చెప్పు మాటకు బదులు యంత్రము అంకె చెప్పును.

నా దృష్టిలో అన్నిటికన్న తెలివైన మార్పు 1977లో అమెరికాలోని నెబ్రాస్కా జొన్న పరిశోధకులు ప్రకటించినది. ఎగిరిపోవు వాయువు వెంట పరుగెత్తుట ఎందులకు అని వారు ఆలోచించిరి. ధుర్రిన్ విరిగినపుడు ఒక అణువు హైడ్రోసయానిక ఆమ్లముతో పాటు ఒక అణువు పారాహైడ్రాక్సీ బెంజాల్డిహైడు పుట్టి తీరును. ఇది ఎగిరిపోదు. కాబట్టి ఆకును నీటిలో వేసి ఆటోక్లేవులో ఒత్తిడితో ఉడికించి, ఆ నీటిని క్షారముతో కలిపి, 330 నానోమీటర్ల వద్ద ఈ నిలకడ గల పదార్థమును కొలిచిరి. ఒక మిల్లీగ్రాము హైడ్రోసయానిక ఆమ్లమునకు సుమారు 4.5 మిల్లీగ్రాముల పారాహైడ్రాక్సీ బెంజాల్డిహైడు వచ్చును. ఆ లెక్కన విషమెంతయో తేలును. పారిపోయిన దొంగను పట్టలేనపుడు, కదలకుండ కూర్చున్న అతని తోడుదొంగను అడిగినట్లు! ఈ పద్ధతితో ఒక్కొక్క మొక్క నుండి చిన్న ఆకు ముక్కలను తీసి, ఒకే రోజున పెక్కు నమూనాలను చూచుటకు వీలు కలిగినది.

ఇక నేటి ప్రయోగశాలలలో ధుర్రిన్‌ను విరుగనీయకుండనే కొలుచుచున్నారు. ఆకును కోసిన మరుక్షణమున మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ముంచెదరు, లేదా 80 శాతము మిథనాలులో మరిగించెదరు. చలికి ఎంజైము కదలక నిలుచును, మరుగుటకు చచ్చును. ఆ రసమును హెచ్.పి.ఎల్.సి. యంత్రపు గొట్టము గుండ పంపినచో ఆకులోని పదార్థములు ఒకదాని వెంట ఒకటిగా విడివడి వచ్చును. దానికి మాస్ స్పెక్ట్రోమీటరు జోడించినచో ఒక్కొక్కదాని అణుభారము కూడ తెలియును. ధుర్రిన్ అణుభారము 311. ఈ యంత్రములో అది తరచు ఒక సోడియమును అంటిపెట్టుకొని 334 వద్ద కనుపడును. విషమును పుట్టించు పదార్థమునే నేరుగ గుర్తించుట వలన, మరి ఏదో ఎర్ర రంగు తెచ్చు వస్తువును చూచి భ్రమపడు అవకాశము తగ్గినది.

ఇచ్చట ఒక హెచ్చరిక. మామూలు ఫ్రిజ్‌లో పెట్టి గడ్డకట్టించుట ద్రవ నత్రజనితో సమానము కాదు. మెల్లగా గడ్డకట్టునపుడు కణములలో మంచు స్ఫటికములు పెరిగి గోడలను చీల్చును. ఆ ఆకును బయట పెట్టి కరుగనిచ్చినంతనే విషపదార్థము, ఎంజైము ఒక్కటగును. భద్రపరచితిమనుకొన్న నమూనా, కరుగుచుండగనే పాడైపోవును. అట్టి నమూనాను కరుగనీయక, గడ్డకట్టినదానిని గడ్డకట్టినట్లే మరుగు మిథనాలులో వేయుట కొంత మేలు.

ఎంత మంచి యంత్రమైనను దారిలో కొంత పోవును. ఆ పోయినదెంతో తెలిసికొనుటకు మంచి ప్రయోగశాలలు ఒక ఉపాయము చేయును. ఒకే నమూనాను రెండు భాగములు చేసి, ఒక భాగములో తెలిసిన బరువు శుద్ధ ధుర్రిన్‌ను మొదటనే కలుపుదురు. చివరకు రెండింటి తేడా చూతురు. 100 పాళ్లు కలుపగా 70 మాత్రమే తిరిగి వచ్చినచో, ఆకులో సహజముగ ఉన్నదానిలోను అంతే వంతు పోయినదని గ్రహించి అంకెను సరిదిద్దుదురు. ధాన్యమును మిల్లుకు పంపునపుడు తూకము తెలిసిన బస్తా నొకదానిని జతచేసి పంపినట్లున్నది ఇది. తిరిగి తూచినపుడు మిల్లు నిజాయితీ తెలియును. ఈ పరీక్ష చేయకుండ దశాంశ బిందువు తరువాత మూడేసి అంకెలు వ్రాసి పంపు రిపోర్టును చూచి మురియవలసినది లేదు.

పద్ధతి మారినచో జవాబు మారుట

కణములోని వస్తువును కొలుచుటలో పద్ధతి ఎంత ముఖ్యమో తెలుపు ముచ్చట ఒకటి కలదు. 1978, 1979లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఎరిక్ కాన్, అతని సహచరులు జొన్న ఆకు కణముల గోడలను ఎంజైములతో కరగించి, పైపొర కణములను లోపలి కణముల నుండి వేరుచేసిరి. తరువాత ఆ కణములను మెల్లగ పగులగొట్టి లోపలి రిక్తికలను, అనగా కణరసపు తిత్తులను, విడదీసిరి. ధుర్రిన్ పైపొర కణముల రిక్తికలలో నున్నదని, ఎంజైములు లోపలి కణములలో నున్నవని తేల్చిరి. ఆ మాట పాఠ్యపుస్తకములకెక్కినది.

2018లో వేరొక పరిశోధక బృందము ఆకును పగులగొట్టకుండ, రామన్ కాంతి ప్రసరణము ద్వారా కణములను చూచినది. సర్ సి. వి. రామన్ 1928లో కనుగొన్న ఫలితమే దీనికి ఆధారము. ధుర్రిన్‌లోని కార్బన్, నైట్రోజనుల బంధము కాంతిని తనదైన రీతిలో చెదరగొట్టుటచే దాని జాడ చిత్రములో కనుపడును. ఆ చిత్రములలో ధుర్రిన్ రిక్తికలో కాక, దాని చుట్టునున్న కణద్రవ్యములో కనుపడినదని వారు వ్రాసిరి. రెండు పరిశోధనలును శ్రద్ధగా చేసినవే. కణమును విప్పి చూచుట వేరు, విప్పకుండ చూచుట వేరు. రైతునకు దీనివలన మేపు విధానములో మార్పేమియు లేదు. నమిలినపుడు విషము పుట్టుట రెండింటను సమానమే. కాని అంకెను చూచునపుడు అది ఏ పద్ధతి వలన వచ్చినదని అడుగుట ఎంత అవసరమో దీనివలన తెలియుచున్నది.

కొలత త్వరగా చేయగలుగుట వలన కలిగిన మేలు 2012లో వెల్లడియైనది. ఆస్ట్రేలియా పరిశోధకులు రసాయనములతో మార్పు కలిగించిన జొన్న మొక్కలను పెక్కింటిని ఒక్కొక్కటిగా పరీక్షించి, ధుర్రిన్ బొత్తిగా తయారుచేయని మొక్కను పట్టుకొనిరి. స్వేదనము పట్టుకొని కూర్చున్నచో ఆ వెదకులాట తెమిలెడిది కాదు.

నమూనా తీయుట

ప్రయోగశాల ఎంత మెరుగుపడినను, చేనిలో నమూనా తీయు చేయి మెరుగుపడనిచో ఫలము లేదు. పొరపాట్లలో పెక్కు ఆకు సీసాలో పడుటకు ముందే జరుగును.

ఆకులను కత్తిరించి పంపరాదు. మొక్కను మొదటికి కోసి, నలగకుండ, పూర్తి ఆకులతో పంపవలెను. చేను నడుమ ఒక్కచోటనే కాక అటునిటు నడచుచు 20 మొక్కలైనను తీయవలెను. బెట్టకు వాడిన మూల, చెరువు కట్ట దాపున పచ్చగా నున్న భాగము, కొయ్యకాళ్ల పిలకలు, వీనిని కలుపరాదు. వేరువేరు సంచులలో వేయవలెను. అన్నిటిని కలిపి సరాసరి తీసినచో, చంపు మూల మంచి చేనులో దాగిపోవును. పశువు మాత్రము సరాసరిని మేయదు, ఎదుటనున్న లేత పిలకను మేయును. మంచు తడి ఆరిన తరువాత తీయుట మేలు. వెంటనే తూచి ఆ బరువును వ్రాసికొనవలెను. గాలాడని ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి బస్సు మీద ఎండలో పంపరాదు. మంచుగడ్డల పెట్టెలో, ఆకునకు మంచు నేరుగ తగులకుండ పాత గుడ్డ చుట్టి పెట్టి, అదే దినమున చేర్చవలెను. చేర్చలేనిచో ఆ దినము తీయకపోవుటయే మంచిది.

చిత్రమేమన, నమూనాకు చెరుపు చేయునది మేతకు మేలు చేయును. కోసిన జొన్నను చేనిలో పరచి మెల్లగా ఎండనిచ్చినచో ధుర్రిన్ విరిగి, వాయువు గాలిలో కలిసిపోవును. అందుచేత బాగుగ ఎండిన చొప్ప సాధారణముగా ప్రమాదకరము కాదు. పాతరవేసిన మేతలో కూడ విషము చాలవరకు తగ్గును. రసాయన శాస్త్రజ్ఞునకు నష్టమైనది పశువునకు లాభమన్నమాట.

పల్లెలో చేయదగిన పరీక్ష

పశువైద్యశాల వద్దను, రైతు కేంద్రము వద్దను పిక్రేటు కాగితపు పరీక్ష చేయవచ్చును. కాగితములను ప్రయోగశాల నుండియే తెచ్చుకొనవలెను. పిక్రిక్ ఆమ్లము పొడిగా ఎండినచో పేలు గుణము గలది. ఇంటివద్ద తయారుచేయ ప్రయత్నింపరాదు. కొన్ని లేత ఆకులను సన్నగ తరిగి వెంటనే చిన్న సీసాలో వేసి, కొద్దిగా నీరు, రెండు మూడు చుక్కల క్లోరోఫాము చేర్చి, తడిపిన పిక్రేటు కాగితమును ఆకునకు తగులకుండ వ్రేలాడదీసి, బిరడా గట్టిగ బిగించవలెను. కాగితము కొద్ది నిమిషములలో ఎరుపెక్కినచో ఆ మేతను పశువుకు చూపనే రాదు. మెల్లగా నారింజ రంగు వచ్చినచో అనుమానింపవలెను.

ఒక్క సీసా చాలదు, మూడు కావలెను. ఒకదానిలో పరీక్షింపవలసిన ఆకు. రెండవదానిలో నీరు, క్లోరోఫాము మాత్రమే. ఇందలి కాగితము పసుపుపచ్చగనే ఉండవలెను. మూడవదానిలో ఒక వారము వయసు గల లేత జొన్న మొలకలను తరిగి వేయవలెను. ఇందలి కాగితము ఎర్రబడి తీరవలెను. ఎర్రబడనిచో కాగితము పాతబడినదన్నమాట. అట్టి కాగితము పరీక్షాకు సీసాలో పసుపుగా నిలిచినదని మేత మంచిదనుకొన్నచో పశువు పోవును. మొలకల ఖర్చు చారెడు జొన్నలు. కుళ్లిన ఆకు నుండి వచ్చు ఇతర వాయువులు కూడ కాగితమును కొంత మార్చగలవు గనుక తాజా ఆకునే వాడవలెను.

రిపోర్టు చదువుట

రిపోర్టులో మొదట చూడవలసినది అంకె కాదు, ఆ అంకె పచ్చి బరువు మీద వేసినదా, ఎండు బరువు మీద వేసినదా అను మాట. 80 శాతము నీరు గల పచ్చి మేత కిలోలో 150 మిల్లీగ్రాముల విషశక్తి యున్నదనుకొందము. అందు ఎండు పదార్థము 200 గ్రాములే గనుక ఎండు బరువు మీద అది కిలోకు 750 మిల్లీగ్రాములగును. అదే మేత దారిలో వాడి సగము బరువునకు దిగినచో, విషము ఏ మాత్రము పెరుగకయే పచ్చి బరువు అంకె 300 అగును. మూడంకెలును ఒకే మేతవి. సాధారణముగ ఎండు బరువు మీద కిలోకు 500 మిల్లీగ్రాములకు లోబడినచో మేపవచ్చునని, 500 నుండి 1000 వరకు అనుమానాస్పదమని, 1000 దాటినచో తగదని లెక్కింతురు. ఏ బరువు మీదనో వ్రాయని రిపోర్టును తిప్పి పంపి అడుగుటలో తప్పు లేదు.

అనుమానాస్పదమైన మేతను తప్పనిసరియై వాడవలసివచ్చినచో, పశువుకు ముందుగ ఎండు గడ్డి పెట్టి ఆకలి తీర్చి, కోసి ఎండబెట్టిన జొన్నను కొద్దికొద్దిగ కలిపి వేయవలెను. ఆకలి మీద చేనిలోనికి విడువరాదు. నత్రజని ఎరువు హెచ్చుగ వేసిన చేనిలోను, బెట్టకు గురియైన చేనిలోను విషము పెరుగును. నాము తగిలిన పశువు శరీర కణములు ప్రాణవాయువును వాడుకొనలేకపోవుటచే రక్తము మామూలుకన్న ఎర్రగా నుండును. పశువైద్యుడు సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటులను నరములోనికెక్కించి బ్రతికింపగలడు. కాని వ్యవధి నిమిషములలోనే యుండును గనుక పశువును ఇంటికి తోలుకొనిపోవు ప్రయత్నము మాని, చేనికే వైద్యుని పిలిపింపవలెను.

నమూనా సంచిపై గ్రామము, సర్వే నంబరు, జొన్న రకము, విత్తిన తేదీ, కోసిన తేదీ, వేసిన ఎరువు, కడపటి వాన పడిన రోజు, నమూనా తీసిన గంట, అపుడు తూచిన బరువు వ్రాయవలెను. రిపోర్టు వచ్చిన తరువాత మరల వాన పడి కొత్త పిలకలు లేచినచో ఆ రిపోర్టు చెల్లదు; కొత్త నమూనా పంపవలెను.